తప్పు చెయ్యనోనికి వకీలెందుకు?

నా మీద పడింది దొంగతనం కేసు. భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 305. రుజువైతే 7 ఏళ్ళ దాకా జైలు, పైన జరిమానా. కేసు నిలవలేదు, కోర్టు నన్ను వదిలేసింది. పేపర్లో వచ్చేంత పెద్ద కేసు కూడా కాదు. అయినా శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కిరాయిలు కొట్టుకుని బతికే ఏ డ్రైవర్‌కైనా ఇలాంటి రోజు రావచ్చు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. ఏ ఠాణా, ఏ యాప్ కంపెనీ, ఎవరి కుటుంబం అన్నది చెప్పను. ఆ పేర్లతో ఎవరికీ పని లేదు. ఏ కాగితం ఎప్పుడు అడగాలో తెలిస్తే మాత్రం చాలామందికి పనికొస్తుంది.

మాది కొత్తూరు దగ్గర పల్లె. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలైనప్పుడు నేను బడికి పోయే పిల్లాణ్ణి. చుట్టుపక్కల భూములు పోయినవాళ్ళూ పోనివాళ్ళూ అందరం చివరికి ఆ ఎయిర్‌పోర్టు మీదే ఆధారపడ్డాం. కొందరు కార్గోలో కుదిరారు, కొందరు హౌస్‌కీపింగ్‌లో, కొందరు సెక్యూరిటీలో. మిగిలినవాళ్ళం స్టీరింగ్ పట్టుకున్నాం. ఫైనాన్స్ మీద కారు తీసుకుని ఓనర్ కమ్ డ్రైవర్ అయ్యాను. సాతంరాయిలో రెండు గదుల ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు. నెలనెలా కిస్తీ కట్టాక మిగిలిందే మాకు.

ఒక తెల్లవారుజామున గల్ఫ్ విమానం దిగిన కుటుంబం ఒకటి నా కారెక్కింది. భార్యాభర్తలు, ఒక ముసలమ్మ, చిన్నపాప. హయత్‌నగర్ పోవాలన్నారు. పెద్ద సూట్‌కేసులు నేనే డిక్కీలో సర్దాను, పట్టనిది పైన క్యారియర్‌కు కట్టాను. చేతి సామాను వాళ్ళే పట్టుకున్నారు. పాప ఏడుస్తోంది, వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి, సెక్యూరిటీ అతను నడువు నడువు అంటున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాను. ఇంటి ముందు సామాను దించి, డబ్బులు తీసుకుని, ట్రిప్పు మూసేశాను. దారిలో ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత ఎల్బీనగర్ నుంచి ఇంకో కిరాయి దొరికింది, సికింద్రాబాద్ నుంచి మరొకటి.

మధ్యాహ్నం ఆ ఇంటాయన ఫోన్ చేశాడు. చిన్న బ్యాగొకటి కనిపించడం లేదని, కారులో ఉందేమో చూడమని అడిగాడు. బండి పక్కకు ఆపి సీట్ల కింద, డిక్కీలో, స్టెప్నీ టైరు తీసి ఆ గుంతలో కూడా వెతికాను. లేదని చెప్పాను. వెనక నుంచి ఆడమనిషి ఏడుపు వినిపించింది. చెల్లెలి పెళ్ళికి తెచ్చిన బంగారం అందులోనే ఉందట. వాళ్ళు పోగొట్టుకున్న మాట నిజమని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

మర్నాడు ఠాణా నుంచి ఫోన్. "జర వచ్చి పో, రెండు ముచ్చట్లు అడిగేదుంది" అన్నారు. రెండు ముచ్చట్లకు బట్టలు సర్దుకుని ఎవరు పోతారు? తిండి కూడా తినకుండా పోయాను. పోగానే కారు తాళాలు, ఫోన్ తీసుకున్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఒక గదిలో కూర్చోబెట్టి మొదట మంచిగానే అడిగారు. సాయంత్రానికి "అరేయ్" మొదలైంది. రాత్రికి చెంపదెబ్బలు పడ్డాయి, తర్వాత అరికాళ్ళ మీద లాఠీ. ఒక్కటే మాట: "రికవరీ ఇయ్యి, ఇంటికి పో. కేసే ఉండదు."

రికవరీ అంటే సొత్తు తెచ్చి ఇవ్వడం. లేని సొత్తు ఎక్కణ్ణుంచి తెస్తాను? తెలిసినవాళ్ళ దగ్గర అప్పు తెచ్చి ఆ బంగారం విలువ కట్టెయ్యమని ఒకతను సలహా కూడా ఇచ్చాడు. అలా కట్టి బయటపడ్డ డ్రైవర్లు నాకు తెలుసు. దొంగతనం చెయ్యకుండానే దొంగతనం సొమ్ము కట్టినవాళ్ళు వాళ్ళు. వకీలుతో ఒకసారి మాట్లాడతాను సార్ అన్నాను. "తప్పు చెయ్యనోనికి వకీలెందుకురా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. వకీలు కావాలంటే తప్పు చేసినట్టు, వద్దంటే వాళ్ళు చెప్పిందల్లా వినాలి.

ఆ రాత్రి మా ఇంట్లోవాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాకు దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ చనిపోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగాల్లోంచి తీసేశారు. 2023 ఫిబ్రవరిలో, గొలుసు దొంగతనం అనుమానంతో మెదక్ పోలీసులు పట్టుకున్న ఒక కూలీ, తనను కొట్టారని చెప్పి గాంధీ ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. హైకోర్టు తనంతట తానే ఆ విషయం విచారణకు తీసుకుంది. మాకు మరీ దగ్గరది షాద్‌నగర్ సంగతి. 2024 ఆగస్టులో, బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద తెచ్చిన దళిత మహిళను ఠాణాలో కొట్టారన్న ఆరోపణతో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌నూ కొందరు కానిస్టేబుళ్ళనూ సస్పెండ్ చేశారు. ఆ వార్త టీవీలో చూసిన నా భార్య ఆ రాత్రి ఠాణా గేటు దగ్గర నిలబడి నా కోసం అడిగితే, "ఇక్కడ ఎవ్వరు లేరు పో" అన్నారట. నా కారు లోపలే ఆగి ఉంది. తను దాన్ని చూసింది.

నా బామ్మర్ది ఒక కాలేజీలో అటెండరు. కాలేజీలో జరిగిన చట్టాల అవగాహన సదస్సులో 15100 అనే నంబరు విన్నాడు. జాతీయ న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ అది. ఫోన్ చేస్తే జిల్లా కార్యాలయానికి పొమ్మన్నారు. రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎల్బీనగర్ కోర్టుల్లో ఉంది. పొద్దున్నే అక్కా తమ్ముడూ అక్కడికి పోయారు. పైసలు ఎంత అవుతాయని నా భార్య మొదట అడిగితే, అక్కడి వకీలు మేడం, "ముందు మీ ఆయన ఎన్నింటికి పోయిండో చెప్పండి" అని కాగితం తీసిందట.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఉచితంగా వకీలును ఇవ్వాలి, ఆదాయంతో నిమిత్తం లేదు. ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, వికలాంగులకు, ఫ్యాక్టరీ కార్మికులకు కూడా అంతే. అరెస్టు కాకముందే, ఠాణాకు పిలిచిన దశలోనే వకీలును పంపే పద్ధతి కూడా ఉంది. ఇదంతా మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఉచిత వకీలంటే పేరుకు నిలబడి పోయేవాడని మేము అనుకునేవాళ్ళం. నాకు దొరికిన మేడం అలా కాదు.

ఆమె ఠాణాకు వచ్చి నా పేరు చెప్పి, ఎఫ్‌ఐఆర్ నంబరు అడిగింది. అప్పటిదాకా ఎఫ్‌ఐఆర్ లేదు. మధ్యాహ్నానికి ఎఫ్‌ఐఆర్ అయింది, అరెస్టు ఆ రోజు సాయంత్రమని కాగితం మీద రాశారు. నేను ముందు రోజు నుంచీ అక్కడే ఉన్నాను. ఆ సంగతి ఎలా చెప్పాలో ఆమే నేర్పింది: "మేజిస్ట్రేటు అడిగినప్పుడు భయపడకుండ చెప్పండి. ఎప్పుడు వచ్చిన్రో, ఫోన్ ఎప్పుడు తీసుకున్నరో, ఎవరు కొట్టిన్రో. ఎక్కువ చెప్పొద్దు, తక్కువ చెప్పొద్దు."

నాతో మాట్లాడటానికి ఆమెకు కాసేపే సమయం ఇచ్చారు. విచారణ జరుగుతున్నప్పుడు వకీలును కలిసే హక్కు నిందితుడికి ఉంది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 38. విచారణ సాగినంతసేపూ పక్కనే కూర్చోనివ్వరు. ఆ కొద్దిసేపట్లో ఆమె నాకు చెప్పినవి ఇవి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ఇంట్లోవాళ్ళకు కబురు పెట్టాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ఆ మాట రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. నాకు వ్యతిరేకంగా నేనే సాక్ష్యం చెప్పాలని ఎవరూ బలవంతం చెయ్యకూడదు, అది 20వ అధికరణం. 7 ఏళ్ళు, అంతకు తక్కువ శిక్ష పడే కేసుల్లో అరెస్టు చెయ్యకుండా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. అర్నేశ్ కుమార్ అనే బీహార్ మనిషి కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా చెప్పింది. అరెస్టు చేస్తే ఎందుకు అవసరమైందో కారణాలు రాయాలి. అంతకుముందు 1996లో డి.కె.బసు కేసులో అరెస్టు ఎలా చెయ్యాలో ఒక్కొక్క మెట్టూ చెప్పింది. "ఇవన్ని ఉన్నయి కదా, మరి నన్ను ఎందుకు కొట్టిన్రు మేడం?" అన్నాను. "ఉన్నయని అడిగేవాళ్ళు తక్కువ గనుక" అంది.

మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు జరిగింది చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. మేజిస్ట్రేటు మేడం తలెత్తి, గట్టిగా చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. అరికాళ్ళు చూపించమన్నారు. చూసి రాసుకున్నారు, వైద్య పరీక్షకు పంపమన్నారు. ఠాణా సీసీటీవీ రికార్డు భద్రపరచాలని మా మేడం అక్కడే అడిగింది. ప్రతి ఠాణాలో కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు పేరు కూడా చెప్పింది. సొత్తు ఇంకా దొరకలేదు, బయట ఉంటే దాచేస్తాడని పోలీసులు రాశారు. ఆ మాట మీద రిమాండ్ అయింది. చర్లపల్లి జైలు.

జైలు ఎలా ఉంటుందో ఇక్కడ పెద్దగా చెప్పను. విచారణ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు, పెళ్ళాం పిల్లలు ములాఖత్‌కు వస్తారు, తిండి పెడతారు. మనిషిని తినేసేది వేరే. పక్కనున్నవాడు "నీది ఏ కేసు" అని అడిగినప్పుడు దొంగతనం అని నోటితో చెప్పాలి. నేను ప్రతిసారీ "దొంగతనం, కాని నేను చెయ్యలేదు" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. అక్కడ అందరూ అనే మాట అదే.

దొంగతనం అంటే ఒకటే సెక్షన్ అనుకునేవాణ్ణి. మా బ్యారక్‌లోనే ఎన్నో రకాలు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా పాతవాళ్ళంతా ఇంకా 379, 380 అనే మాట్లాడుకునేవాళ్ళు. మామూలు దొంగతనం ఇప్పుడు 303. 3 ఏళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దోషిగా తేలితే కనీసం ఏడాది, 5 ఏళ్ళ దాకా కఠిన శిక్ష. ఇళ్ళలో, సామాను దాచే గోదాముల్లో, బస్సులూ కార్లలాంటి వాహనాల్లోంచి తీసే సొత్తు, గుళ్ళలోని విగ్రహాలు, సర్కారు ఆస్తి, ఇవన్నీ 305 కిందికి వస్తాయి. అక్కడే 7 ఏళ్ళు. ఎవరి దగ్గర పని చేస్తామో వాళ్ళ సొత్తు తీస్తే 306, దానికీ 7 ఏళ్ళు. హోటల్లో పని చేసే ఒకతను, ఎయిర్‌పోర్టు దగ్గరి గోదాములో ప్యాకింగ్ చేసే ఇంకొకతను ఆ సెక్షన్ కింద వచ్చారు. దొంగ సొత్తని తెలిసి కొంటే 317, ఒక తుక్కు వ్యాపారి దాని కింద ఉన్నాడు. మెడలో గొలుసు, చేతిలో ఫోన్ లాక్కుపోతే 304, కొత్త చట్టంలో దాన్ని విడిగా పెట్టారు.

మా పక్క పరుపు మీద పండుకునే పిల్లాడు పందొమ్మిది ఇరవై ఏళ్ళవాడు. బస్టాండులో ఒకరి ఫోన్ తీశాడు. తీశానని చెప్పేవాడు, దాచేవాడు కాదు. తల్లి ఇళ్ళలో పని చేస్తుంది. 5,000 రూపాయల లోపు సొత్తు, మొదటిసారి తప్పు, సొత్తు తిరిగి ఇచ్చేస్తే జైలు లేకుండా సమాజ సేవ చేయించి వదిలే పద్ధతి కొత్త చట్టంలో ఉంది. వాడు తీసిన ఫోన్ ఖరీదు అంతకు మించింది. వాడికి వకీలు లేడు. అప్పట్లో నాకు వాడంటే కోపం. వాడు నిజంగా చేశాడు, నేను చెయ్యలేదు, ఇద్దరం పక్కపక్కనే పడుకోవాలా అని కుమిలేవాణ్ణి.

మా మేడం బెయిల్ పిటిషన్ వేసింది. మొదటి వాయిదాకు పోలీసులు వ్యతిరేకించారు. తర్వాతి వాయిదాకు, సొత్తు దొరకలేదు, విచారణలో అడిగేది కూడా ఏమీ మిగల్లేదు, పాత కేసులు లేవు, ఇల్లూ పిల్లలూ ఇక్కడే అని చెప్పి బెయిల్ తెచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. అసలు కష్టం అక్కడ తెలిసింది. మా గల్లీలో నిన్నటిదాకా చాయ్ తాగినవాళ్ళు, ఆస్తి కాగితం పట్టుకుని కోర్టుకు రావాలనేసరికి ఊరికి పోయామన్నారు, ఒంట్లో బాగలేదన్నారు. చివరికి బామ్మర్ది తన జీతం స్లిప్పు పెట్టాడు, మా మేనమామ కొత్తూరు నుంచి ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చాడు. బెయిల్ ఆర్డర్ వచ్చాక కూడా జామీను దొరక్క లోపలే ఉండిపోయినవాళ్ళను నేను చూశాను. చార్జిషీటు 60 రోజుల్లో పెట్టకపోతే ఇలాంటి కేసుల్లో బెయిల్ హక్కుగా అడగొచ్చని, మొదటిసారి కేసైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే వదలాలని కూడా చట్టంలో ఉంది. లోపల సగం మందికి ఆ ముక్క తెలియదు.

బయటికి వచ్చాక చూస్తే శిక్ష అప్పటికే మొదలైపోయి ఉంది. యాప్‌లో నా ఐడీ బ్లాక్ అయింది. కారు ఠాణా ఆవరణలో దుమ్ము పట్టి ఉంది. కిస్తీలు ఆగితే ఫైనాన్స్‌వాళ్ళు ఇంటికి వచ్చి ఇంటి ఓనరు ముందు గట్టిగా మాట్లాడారు. ఓనరు పండగ అయ్యాక ఖాళీ చెయ్యమన్నాడు. మా పెద్దదాన్ని బడిలో ఎవరో ఏదో అన్నారు. ఏమన్నారో అది ఇప్పటికీ నాకు చెప్పలేదు. చట్టం ప్రకారం నేను ఇంకా నిందితుణ్ణి మాత్రమే. కాని పని పోవడానికి, ఇల్లు పోవడానికి, మాట పోవడానికి ఎవరూ తీర్పు కోసం ఆగలేదు.

కారు విషయంలో మేడం వేరే పిటిషన్ వేసింది. కేసు తేలేదాకా వాహనాలను ఠాణాల్లో కుళ్ళబెట్టొద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. ఆర్సీ, ఇన్సూరెన్స్, పూచీకత్తు కాగితం పెట్టాం. అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి అన్న షరతులతో కారు ఇచ్చారు. బ్యాటరీ చచ్చిపోయింది, ఒక టైరు కూర్చుండిపోయింది. అయినా ఆ రోజు మా ఇంట్లో అన్నం వండుకున్నాం. యాప్ లేకపోయినా తెలిసినవాళ్ళ కిరాయిలు, శంషాబాద్ నుంచి షాద్‌నగర్ షేరింగ్ తిప్పాను.

అసలు పోరాటం కెమెరాల కోసం. ఎయిర్‌పోర్టు నిండా కెమెరాలే. కాని ఏ రికార్డూ ఎల్లకాలం ఉంచరు, కొన్నాళ్ళకు పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. అందుకే బెయిల్ కంటే ముందే మేడం రెండు పనులు చేసింది. ఆ తెల్లవారుజామున పికప్ దగ్గరి ఫుటేజీ తీసి భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాసింది, అదే కోరుతూ కోర్టులో పిటిషన్ పెట్టింది. కోర్టు చెప్పాక పోలీసులు ఫుటేజీ తెప్పించారు. నా దిక్కు నుంచి యాప్ ట్రిప్పు వివరాలు తీశాం. ఎన్నింటికి ఎక్కారు, ఏ దారిన పోయాను, ఎన్నింటికి దిగారు అన్నీ అందులో ఉన్నాయి. పెద్ద అంబర్‌పేట టోల్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బు కోసిన సమయం దానితో సరిపోయింది. మధ్యలో ఆగి డిక్కీ తెరిచేంత ఖాళీ ఎక్కడా లేదు.

ఇంత ఉన్నా చార్జిషీటు పడింది. ఆ కుటుంబం వాంగ్మూలాలు, నేను ఒప్పుకున్నట్టు ఠాణాలో రాసిన కాగితం, ఫుటేజీ ఉన్న పెన్‌డ్రైవ్ అందులో పెట్టారు. ఒప్పుకోలు కాగితం చూసి నాకు చెమటలు పట్టాయి. మేడం దాన్ని పక్కన పడేసింది. పోలీసుల ముందు ఒప్పుకున్నట్టు రాసింది నా మీద రుజువుగా పనికిరాదు, సాక్ష్య చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. నేను చెప్పిన దాన్నిబట్టి ఏదైనా సొత్తు బయటపడితే ఆ కొంత మేరకే చెల్లుతుంది. ఏదీ బయటపడలేదు కాబట్టి ఆ కొంత కూడా లేదు.

చార్జిషీటుతో పాటు అందులోని కాగితాలు, పెన్‌డ్రైవ్ కాపీ మాకూ ఇవ్వాలి. ఇచ్చారు. ఆ రాత్రి మేడం ఆఫీసులో ఆమె జూనియర్, నా బామ్మర్ది, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాం. నా కారు వస్తుంది. సూట్‌కేసులు ఎక్కిస్తున్నాను. వాళ్ళు కూర్చుంటారు. కారు పోతుంది. పోలీసులు చూసింది అంతవరకే అయ్యుంటుంది. జూనియర్ ఆపకుండా అలాగే నడవనిచ్చింది. కారు పోయాక ఖాళీ ట్రాలీ ఒకటి పక్కన మిగిలింది. ట్రాలీ పిడికి ఒక చిన్న నల్ల బ్యాగు వేలాడుతోంది. కాసేపటికి జనం అడ్డం వచ్చారు. జనం తొలిగేసరికి ట్రాలీ ఉంది, బ్యాగు లేదు.

ఎవరు తీశారో ఆ బొమ్మలో తెలియదు. ఇప్పటికీ తెలియదు. కాని అది నా కారు ఎక్కలేదన్నది తేటతెల్లం. ఆ ముక్క పోలీసుల సాక్ష్యాల్లోనే ఉంది, మేము బయట నుంచి తెచ్చింది కాదు. చార్జి రాయకముందే కేసులోంచి తప్పించమని అడిగే దారి ఒకటి ఉంది, డిశ్చార్జి పిటిషన్ అంటారు. కాగితాలు చేతికి వచ్చిన 60 రోజుల్లో వెయ్యాలి. వేశాం. వాదనల రోజు మేడం కోర్టు హాల్లోనే ఆ ఫుటేజీ వేసి చూపించింది. ఆ ఇంటాయన కూడా వచ్చాడు. ట్రాలీ కనిపించగానే ఆయన తల పట్టుకున్నాడు. బయట వరండాలో నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, మాకు మాత్రం ఎట్ల తెలుస్తది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. తెలుసుకోవాల్సిన పని ఆయనది కాదు.

మేజిస్ట్రేటు డిశ్చార్జి ఆర్డర్ ఇచ్చారు. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని యాప్ కంపెనీకి, ఫైనాన్స్‌కు, ఇంటి ఓనరుకు తలా ఒకటి ఇచ్చాను. ఐడీ తెరవడానికి చాలా కాలం పట్టింది. పోలీస్ వెరిఫికేషన్ కాగితానికి అప్లై చేస్తే కంప్యూటర్లో పాత కేసు కనిపిస్తోందన్నారు, మళ్ళీ ఆ కాపీయే చూపించాను. నన్ను కొట్టిన సంగతి మీద విచారణ వేరే నడుస్తోంది, అది తేలనివ్వండి.

ఇప్పుడు పార్కింగ్‌లో కొత్త డ్రైవర్లు నన్ను అడుగుతుంటారు, నేనూ చెబుతుంటాను. సామాను ఎక్కించాక డిక్కీ ఫొటో తీసుకోండి, దించాక ఖాళీ డిక్కీ ఇంకో ఫొటో. ఎక్కేవాళ్ళతోనే సంచులు లెక్క పెట్టించండి. ట్రాలీ దిక్కు ఒకసారి చూడండి. ఠాణా నుంచి పిలుపు వస్తే పోవాల్సిందే, పోకపోతే ఇంకో తంటా. అయితే నోటీసు రాసి ఇవ్వమనండి, పోయేముందు ఇంట్లో టైము చెప్పి పోండి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. పైసలు కట్టి బయటపడదామని ఎవరన్నా అంటే, అలా కడితే చేసినట్టు ఒప్పుకున్నట్టేనని గుర్తు పెట్టుకోండి. 15100కు ఫోన్ చెయ్యండి.

ఆ మధ్య ఒక చిన్న డ్రైవరు అడిగాడు. "అన్నా, నువ్వు తియ్యలేదు గనుక నీకు వకీలు పనికొచ్చిండు. నిజంగ తీసినోనికి గూడ గవర్మెంటే వకీలును ఇస్తే ఎట్ల?"

బ్యారక్‌లోని ఆ పిల్లాడి సంగతి వాడికి చెప్పాను. నేను బయటికి వచ్చాక వాడి తల్లిని వెతికి ఎల్బీనగర్ తీసుకుపోయాను. వాడికీ ఒక వకీలు దొరికాడు. ఫోన్ పోగొట్టుకున్నాయనకు ఫోన్ తిరిగి దొరికింది. వాడి వయసు చూసి, ఆయన రాజీకి ఒప్పుకున్నాడు. 303 కేసులో సొత్తు ఎవరిదో వాళ్ళు ఒప్పుకుంటే రాజీకి చట్టం అనుమతిస్తుంది. లోక్ అదాలత్‌లో కేసు ముగిసింది. వకీలే లేకపోతే వాడు ఇంకా ఎన్నాళ్ళు లోపల ఉండేవాడో ఎవరికీ తెలియదు, అక్కడ నేర్చుకోవాల్సినవన్నీ నేర్చుకుని వచ్చేవాడు. వాడు ఇప్పుడు ఉందానగర్‌లో టైర్ల దుకాణంలో పని చేస్తున్నాడు. నా బండి పంక్చర్లు వాడే వేస్తాడు.

నేను తియ్యలేదని ఠాణాలో ఎవరికీ తెలియదు. వాడు తీశాడని అందరికీ తెలుసు. ఇద్దరికీ అక్కడ ఒకే గది, ఒకే లాఠీ. ఎవరు ఏమిటన్నది కోర్టులో కాగితాల మీద తేలింది, ఆ కాగితాలు పెట్టింది వకీళ్ళు. తప్పు చెయ్యనోనికి వకీలెందుకని నన్ను అడిగినాయనకు ఇప్పుడైతే నా దగ్గర జవాబు ఉంది. చేశాడో లేదో తేలేదాకా ఎవరికైనా కావాలి సార్. చేశాడని తేలితే ఇంకా ఎక్కువ కావాలి, చట్టంలో ఉన్న శిక్షే పడాలి గనుక, లాఠీ శిక్ష కాకుండా.